వీధికి ఒక్క గొంతు

పురపాలక సంఘం మెట్లెక్కడం డ్రైవరు పెద్దాయనకు కొత్త కాదు. ఉద్యోగమున్నన్నాళ్లూ బస్సు నడిపి, ఒక్క ప్రాణికి గీత పడకుండా దిగిన మనిషాయన. దిగిన మర్నాటి నుంచే వీధి పనులు నెత్తినేసుకున్నారు. బడి ముందు స్పీడుబ్రేకరు వేయించింది ఆయనే. మలుపులో దీపం పెట్టించింది ఆయనే. నోరు తెరుచుకున్న మురుగుకాలువ మీద పలకలు పరిపించిందీ ఆయనే. అది తన ఘనతేనని పక్కవీధి వడ్రంగి ఊరంతా చెప్పుకు తిరిగినా సరే. అయిదో తరగతితో బడి మానేసిన మనిషి కమిషనరుకు ఎదురుగా కుర్చీ వేయించుకుని మాట్లాడటమంటే మాటలా!

అయినా ఆ రోజు మాత్రం ఆయన మెట్టుకోసారి ఆగి వెనక్కి చూస్తున్నారు. వెనకాల భార్య గోడ పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కుతోంది. ఆమె కాలికి షుగరు వల్ల మానని పుండు. వీధి చివరి ఆరోగ్యకేంద్రంలో నర్సమ్మ రోజూ కట్టు మారుస్తోంది కాబట్టి కాలు నిలిచింది. ఆ కేంద్రాన్ని పెద్దరోడ్డు అవతలి కొత్త భవనంలోకి మార్చాలని సంఘం తీర్మానం తయారుచేసింది. లారీలు రయ్యిన దూసుకుపోయే ఆ రోడ్డు దాటడం ఆమె వల్లకాదు. రోజూ ఆటో అంటే పింఛను ఏ మూలకు? కట్టు తప్పితే కాలు తీసేయాల్సిందేనని డాక్టరు ముందే చెప్పాడు.

ఓటుకు ముందు జనం మాట వినడం ఆ సంఘం పద్ధతి. కాకపోతే వీధికి ఒక్కరే మాట్లాడాలి, ఏ విషయమైనా సరే. అధ్యక్షురాలు గంట కొడితే మాట సగంలో ఉన్నా మైకు వదలాల్సిందే. వీధివాళ్లంతా ఏకగ్రీవంగా పెద్దాయన్నే ఎన్నుకున్నారు. ఇంకెవరిని ఎన్నుకుంటారు?

పెద్దాయన మైకు ముందు నిలబడి కండువా సర్దుకున్నారు.

“అధ్యక్షురాలు గారికి, సభ్యులకు నమస్కారం. నేనెవరో ముందు మనవి చేసుకోవాలి గదా. బడి ముందు స్పీడుబ్రేకరు...”

మాట్లాడేవాడెవరో తెలిస్తేనే మాటకు బరువని ఆయన నమ్మకం. ఆఫీసుల్లో ఎన్నో పనులు అలాగే సాధించారు. స్పీడుబ్రేకరు అయింది. దీపం దగ్గరికొచ్చారు. వెనక బెంచీలో వాళ్ల వీధి మంగలి తల పట్టుకున్నాడు.

“పెద్దయ్యా, ఆసుపత్రి! ఆసుపత్రి సంగతి!”

“వస్తున్నా, ఉండవయ్యా. ఆ కాలువ పలకలున్నాయే, అవి ఎవరు వేయించారంటే...”

గంట మోగింది.

“ధన్యవాదాలు పెద్దాయనా. తర్వాతి వీధి,” అంది అధ్యక్షురాలు.

పెద్దాయన మైకు రెండు చేతులా పట్టుకున్నారు. అసలు మాట చెప్పనే లేదు. “అమ్మా, ఒక్క ముక్క...”

“అందరికీ ఒకటే పద్ధతండీ. మీకు తెలియనిదా?”

తెలుసు. ఆ పద్ధతి తప్పిన వాళ్లను ఇదే హాల్లో గట్టిగా కసిరిన మనిషే ఆయన.

తర్వాతి వంతు వడ్రంగిది. వాళ్ల వీధి కుళాయిల్లో మురుగునీళ్లు వస్తున్నాయి; ఆ మొర పెట్టుకోవాలని వచ్చాడు. పెద్దాయన వెళ్లి అతనికి అడ్డంగా నిలబడ్డారు. కాలువ గొడవ నాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

“బావా,” అన్నారు, హాలంతా వింటుండగా. “నీ వంతు నాకియ్యి. నీకు దణ్ణం పెడతా.”

వడ్రంగి ఎగాదిగా చూశాడు. “నీకా? నీకిస్తే మళ్లీ పలకల దగ్గర్నించి ఎత్తుకుంటావు. చచ్చినా ఇవ్వను.” పెద్దాయన భార్య వైపు తిరిగాడు. “అక్కయ్యా, నువ్వు రా. నా వంతు నీది. నీళ్ల సంగతి వచ్చే సమావేశంలో చూసుకుంటాం.”

“వాళ్ల వీధి వంతు అయిపోయింది,” అని గొణిగాడు క్లర్కు.

“మా వీధి గొంతు ఎవరో మా వీధివాళ్లం చెప్పుకుంటాం. ఈవిడే.”

అధ్యక్షురాలు ఒక్క క్షణం ఆలోచించి తలూపింది.

ఆ ఇల్లాలు తలుపు పక్క కుర్చీలోంచి లేచింది. బెంచీ పట్టుకుంది, వదిలింది, ఇంకో బెంచీ పట్టుకుంది. కట్టున్న కాలు ఈడ్చుకుంటూ వస్తుంటే సభ్యుల గుసగుసలు ఆగిపోయాయి. మధ్యలో పట్టుకోవడానికి ఏమీ లేనిచోట తూలింది. పెద్దాయన చెయ్యి చాచారు. ఆమె కళ్లతోనే వద్దంది. మైకు చేరేసరికి నుదురు చెమటతో తడిసింది.

“నాకు మాట్లాడటం రాదమ్మా,” అంది రొప్పుతూ. “తలుపు దగ్గర్నించి ఇక్కడికి వచ్చాను. మీరంతా చూశారు. పెద్దరోడ్డు ఈ హాలు కంటే వెడల్పు. అక్కడ లారీలు మీలా ఆగి చూడవు.”

గంట అవసరం పడలేదు.

మూలన కూర్చున్న ఒక సభ్యురాలు లేచింది. రోడ్డు మీద వంతెన కట్టేదాకా కేంద్రం ఉన్నచోటే ఉండాలని సవరణ పెట్టింది. “భవనం ఖాళీగా పడుంటుంది, మన డబ్బేమైనట్టు?” అని ఇంకో సభ్యుడు విసుక్కున్నాడు. అధ్యక్షురాలు చేతులెత్తమంది.

పెద్దాయన భార్య అప్పటికే వెనుదిరిగింది. ఒక చెయ్యి లేచింది, ఆ పక్కన ఇంకొకటి. మిగతావాళ్లు ఆమె నడకకేసి చూస్తూ కూర్చున్నారు. పెద్దాయన ఉండబట్టలేక వెళ్లి మోచెయ్యి అందుకోబోయారు.

“ఆగండి,” అంది పెదవి కదపకుండా. “ఓట్లు అవనీండి. వాళ్లింకా చూస్తున్నారు.”

ఆమె ఇంకో అడుగు వేసింది. అవతలి వరసలో ఒకాయన చెయ్యి సగం లేపి, దించి, మళ్లీ లేపాడు. క్లర్కు లెక్కపెట్టి, నమ్మకం చాలక మళ్లీ లెక్కపెట్టాడు.

“సవరణ నెగ్గింది,” అంది అధ్యక్షురాలు.

భార్య ఉన్నచోటే నిలబడిపోయింది.

“ఇప్పుడు పట్టుకోండి,” అంది.