సర్వర్ గదిలో దసరా

ఆ రోజుల్లో మా జగ్గయ్యపేటలో ఉద్యోగం అంటే జనానికి తెలిసినవి కొన్నే ఉండేవి. టీచరు, బ్యాంకు, సిమెంటు ఫ్యాక్టరీ, కోర్టులో గుమాస్తా, ఇవేవీ కాకపోతే హైదరాబాదులో సాఫ్ట్‌వేరు. నాకు నందిగామలో ఒక కాలేజీలో నెట్‌వర్క్ అడ్మినిస్ట్రేటర్ ఉద్యోగం వచ్చిందనగానే అది ఏ ఖాతాలో వెయ్యాలో మా వాళ్ళకి అర్థం కాలేదు. "నెట్‌వర్క్ అంటే టవర్ ఎక్కాలా నాయనా?" అని మా పెద్దమ్మ బెంగపెట్టుకుంది. మా బాబాయి అయితే "మా చేలో సిగ్నల్ అందట్లేదురా, కాస్త మీ వాళ్ళకి చెప్పు" అని సిఫార్సు కూడా అడిగాడు. చివరికి మా అమ్మే దీనికొక దారి చూపించింది. ఆవిడ ప్రైమరీ స్కూల్లో టీచరు, ఎంత కష్టమైన పాఠమైనా ఒక్క ముక్కలో తేల్చెయ్యడం ఆవిడకి అలవాటు. ఎవరడిగినా "సాగర్ కాలవ మీద నీళ్ళు వదిలే లస్కరు ఉంటాడు చూడండి, మావాడు కాలేజీలో ఇంటర్నెట్ వదులుతాడు" అని చెప్పేది. అప్పట్లో నాకు నామోషీగా ఉండేది గానీ, ఇన్నేళ్ళు ఈ పని చేశాక ఇంతకంటే సరైన వివరణ నాకు ఏ పుస్తకంలోనూ కనబడలేదు. కింది చేలకి నీళ్ళు వెళ్తుంటే మన పేరు ఎవరూ తలచుకోరు. ఆగిన రోజు మాత్రం అందరూ తలచుకుంటారు.

నేను చదువుకున్న చదువు సంగతి కూడా చెప్పాలి. నెట్‌వర్క్‌లో పొరలు పొరలుగా పని జరుగుతుందని మా లెక్చరర్ బోర్డు నిండా బొమ్మ వేసి చెప్పారు. అన్నింటికంటే కింద పొర తీగ. పరీక్షలో తీగ మీద ప్రశ్న రాదు కాబట్టి దాన్ని ఎవరూ చదివేవాళ్ళు కాదు (నేను ఫస్ట్ క్లాసులో పాసయ్యాను, కాబట్టి నేనూ చదవలేదని వేరే చెప్పక్కర్లేదు). అలాంటి జ్ఞానంతో, మెడలో ఐడీ కార్డుతో, పేట నుంచి పొద్దున్నే బస్సెక్కి నందిగామలో దిగేవాణ్ణి. కాలేజీలో ఆఫీసు బిల్డింగులో ఒక చిన్న గది, అందులో నిలువెత్తు ఇనుప ర్యాక్, దాంట్లో తీగలకి నెట్ పంచే, మిణుకు మిణుకుమనే పెట్టెల్లాంటి స్విచ్‌లు. అక్కడి నుంచి ఒక పసుపుపచ్చ తీగ గ్రౌండు అవతలున్న కంప్యూటర్ ల్యాబుకి వెళ్ళేది. దాని లోపల వెంట్రుక కంటే సన్నని గాజుపోగు ఉంటుంది, అందులోంచి వెలుతురు పరిగెడుతుంది, ఆ వెలుతురే ఇంటర్నెట్. ఇది తెలిసినప్పటి నుంచి నాకు ఆ తీగని చూస్తే అదో వింత. గాజులోంచి వెలుతురు వంకర్లు తిరుగుతూ గ్రౌండు దాటి పోవడం ఏమిటి, అవతల సరిగ్గా అదే బొమ్మగా తేలడం ఏమిటి అని పని లేనప్పుడల్లా దాన్నే చూస్తూ కూర్చునేవాణ్ణి.

ఆ ఏడాది మా కాలేజీని ఆన్‌లైన్ పరీక్షలకి సెంటరుగా పెట్టాలన్న మాట వచ్చింది. దసరా సెలవులై కాలేజీ తెరిచిన మర్నాడు బెజవాడ నుంచి ఆఫీసర్లు వచ్చి ల్యాబు చూస్తారు. వాళ్ళు చూసినప్పుడు నెట్ నడిస్తే సెంటర్ వస్తుంది, లేకపోతే లేదు. ఇది నా ఉద్యోగానికి సంబంధించిన గొడవేనని నేను అనుకుంటుండగా, చందర్లపాడు నుంచి వచ్చే ఒక డిగ్రీ అమ్మాయి ల్యాబులో నన్ను ఆపి "సార్, సెంటర్ ఇక్కడే వస్తదా?" అని అడిగింది. ఎందుకమ్మా అంటే, "నందిగామలో అయితే రాసుకో, బెజవాడ అయితే వద్దన్నాడు సార్ మా నాన్న" అంది. తప్పకుండా వస్తుందని చెప్పాను. ఆ వయసులో నోరు మన చేతిలో ఉండదు.

సెలవులివ్వబోయే రోజు మా సూపరింటెండెంట్ గారు ఆయుధపూజ పెట్టించారు. ఆయన్ని కాలేజీలో అందరూ చాటున 'ముహూర్తం మాస్టారు' అనేవాళ్ళు. కాగితం మీద సంతకం పెట్టాలన్నా క్యాలెండర్ వైపు ఒకసారి చూసేవారు. సొంత ట్రాక్టరుకి, కాలేజీ బస్సుకి, జిరాక్స్ మిషనుకి పూజ అయ్యాక పళ్ళెం పట్టుకుని నా గదికి వచ్చారు. "ఏమయ్యా, కాలేజీ అంతా దీని మీదే నడుస్తందంటావుగా, మరి దీనికి బొట్టు లేకపోతే ఎట్టా?" అంటూ ర్యాక్‌కి పసుపు రాసి, స్విచ్ మీద ఒక్కో రంధ్రం కింద ఒక్కో బొట్టు చొప్పున ఎంతో ఓపిగ్గా కుంకుమ పెట్టారు. నేను గుండె చిక్కబట్టుకుని చూస్తూ నిలబడ్డాను. కొబ్బరికాయ మాత్రం బతిమాలి బయట కొట్టించాను.

ఆ సాయంత్రం ఇంట్లో ఈ సంగతి నవ్వుతూ చెప్పాను. అమ్మ నవ్వలేదు. "వాళ్ళ పూజ వాళ్ళు చేసుకున్నారు, మంచిదే. మరి నువ్వు ఉద్యోగంలో చేరి ఇన్నాళ్ళయింది, మన ప్రార్థన ఏదిరా?" అంది. మర్నాడు కంచికచర్లలో పెళ్ళి ఉంది. దారే కదా అని అమ్మ మా చర్చి అయ్యగారిని కూడా వెంటబెట్టుకుని నాతో పాటు నందిగామలో దిగింది. సెలవు కదా, కాలేజీలో వాచ్‌మన్ తప్ప ఎవరూ లేరు. గది తాళం తీసి వాళ్ళని లోపల కూర్చోబెట్టి నేను టీ తేవడానికి రోడ్డు మీదికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ప్రార్థన ముగింపుకొచ్చింది, నేనూ ఆమెన్ అన్నాను. ముగ్గురం టీ తాగి, తాళం వేసి, పెళ్ళికి వెళ్ళి శుభ్రంగా భోజనం చేశాం.

సెలవులై కాలేజీ తెరిచిన రోజు ల్యాబులో నెట్ లేదు. పూర్తిగా లేకపోయినా ఒక దారి. కాసేపు వచ్చేది, పోయేది, మళ్ళీ ఎవరో పిలిచినట్టు వచ్చేది. ఆఫీసు బిల్డింగులో మాత్రం బ్రహ్మాండంగా ఉంది. తెల్లారితే ఆఫీసర్లు వస్తారు. నేను నా చదువు ప్రకారం పై పొర నుంచి మొదలుపెట్టాను. సెట్టింగులన్నీ మార్చాను, మార్చినవి మళ్ళీ మార్చాను, ల్యాబులో స్విచ్ తీసి ఇంకోటి పెట్టాను. గ్రౌండుకి ఇటూ అటూ పరుగెడుతుంటే ప్రిన్సిపాల్ గారు కిటికీలోంచి చూసి "ఏంటయ్యా, ఎక్సర్‌సైజా?" అన్నారు. ఇక దాచి లాభం లేదని, "సార్, కుంకుమ వల్లే. పొడి లోపలికి పోయుంటది" అని చెప్పేశాను. చెప్పి ఊరుకోకుండా గుడ్డ తీసుకుని స్విచ్ మీద బొట్లన్నీ తుడవడం మొదలుపెట్టాను. సరిగ్గా అప్పుడే ముహూర్తం మాస్టారు గుమ్మంలోకి వచ్చారు.

"అబ్బాయ్! ఏం చేస్తన్నావ్? పెట్టిన బొట్టు తుడుస్తావా? పండగెళ్ళి వారం కాలేదు, నీకేమన్నా మతి ఉందా?" ఆయన గొంతు వణికింది. అది కోపం కాదని, నిజంగా భయమని నాకు అప్పుడే అర్థమైంది. గుడ్డ కింద పెట్టబోయి, మళ్ళీ ఆ చందర్లపాడు అమ్మాయి గుర్తొచ్చి తుడవడం పూర్తిచేశాను. ఆయన నాతో మాట మానేశారు. ఇంత చేసినా నెట్ రాలేదు.

ఏడుపొక్కటే తక్కువై అమ్మకి ఫోన్ చేశాను. ఆవిడ ప్రార్థన చేస్తానంటే వినాలని ఉంది, అంతే.

"ఆ కుంకుమ వల్లేనే అమ్మా. అంతా తుడిచా, అయినా రావట్లేదు."

"అంతా తుడవడమేంటిరా? ఆ పసుపుపచ్చ వైరు దగ్గర నేను అప్పుడే తుడిచేశాగా."

"నువ్వా? ఎప్పుడు?"

"నువ్వు టీకి వెళ్ళినప్పుడు. అక్కడ లైటు బాగా వెలుగుతుంటే ముఖ్యమైంది అదేనని అయ్యగారు ప్రార్థన నూనె అక్కడ రాద్దామన్నారు. రాశారు. తీరా చూస్తే వైరు వెనకాల ఇంకా ఎర్రగా ఉంది. ఊడదీసి, దాని మూతి కూడా వేలితో తుడిచి, మళ్ళీ అక్కడే పెట్టా. టక్కుమని చప్పుడు కూడా వచ్చింది. నేను కరెక్టుగానే పెట్టా!"

గాజుపోగు కొస మీద దుమ్ము రేణువు పడితేనే వెలుతురు తడబడుతుంది. అక్కడ మా అమ్మ వేలితో ఆలివ్ నూనె, మాస్టారి కుంకుమ కలిపి మెత్తినట్టు రాసింది. రెండు మతాలూ కలిసి నా వెలుతురుకి అడ్డం నిలబడ్డాయి. "ఏమైందిరా, తప్పు చేశానా?" అని అటు నుంచి చిన్న గొంతుతో అడిగింది. లేదమ్మా, ఇప్పుడే వచ్చేసింది నెట్ అని చెప్పి ఫోన్ పెట్టేశాను.

కెమిస్ట్రీ ల్యాబు నుంచి కాస్త స్పిరిట్ అడిగి తెచ్చి, మెత్తటి గుడ్డతో ఆ కొస తుడిచి పెట్టగానే ల్యాబులో కంప్యూటర్లన్నీ ఒక్కసారి లేచి కూర్చున్నాయి. అయినా భయం కొద్దీ మర్నాడు పొద్దున్నే మరోసారి తుడిచాను. దాంతో ఆఫీసర్లు గదిలోకి రాగానే ముక్కు ఎగబీల్చి ప్రిన్సిపాల్ గారి వంక చూశారు, ప్రిన్సిపాల్ గారు నా వంక చూశారు (ఆయన చూపులో నా ఉద్యోగం ఊడిపోయి, నా మీద కేసు కూడా అయిపోయింది). "తీగ తుడిచే స్పిరిట్ సార్" అని సీసా తీసి చూపించాక గానీ ఎవరూ ఊపిరి తీసుకోలేదు. నెట్ మాత్రం నిక్షేపంగా నడిచింది. సెంటర్ వచ్చింది.

సెంటర్ వచ్చాక నేను అసలు సంగతి చెబితే అమ్మ ఊరుకోలేదు. ఆ ఆదివారం దాటగానే బస్సెక్కి వచ్చి నేరుగా ముహూర్తం మాస్టారి టేబుల్ దగ్గరికి వెళ్ళింది. "వందనాలండి అన్నయ్యగారూ, మావాడు మీ కుంకుమ అన్నాడంట, అది నా చేతి పనండి" అంది. ఆయన లేచి కుర్చీ వేశారు. "అయ్యో టీచరమ్మగారూ, అందులో ఏముందండి, మీరూ మంచికే చేశారు" అన్నారు. ఇద్దరూ టీ తాగారు. టీ అయ్యేసరికి ఆ పెట్టెకి దేవుడి తోడు ఉండాల్సిందేనని, తెలివి తక్కువగా ప్రవర్తించింది నేనొక్కణ్ణేనని వాళ్ళిద్దరికీ ఏకాభిప్రాయం కుదిరింది. "ఈ పిల్లలకి వైరు తప్ప ఇంకోటి కనపడదండి" అంది మా అమ్మ, నన్ను ముందు కూర్చోబెట్టుకుని. నేను ఆలోచించి, కాలిపోయిన పాత స్విచ్ ఒకటి ఉంటే ర్యాక్‌లో పై అరలో బిగించాను. దానికి కరెంటు లేదు, తీగ లేదు. "ఇక నుంచి బొట్టయినా నూనెయినా దీనికే. ఇది అన్నిటికీ పెద్ద" అని చెప్పాను. ఇద్దరూ దాన్ని ఎగాదిగా చూసి ఒప్పుకున్నారు.

చందర్లపాడు అమ్మాయి ఆ వేసవిలో మా ల్యాబులోనే కిటికీ పక్కన కూర్చుని పరీక్ష రాసింది. రాసినంతసేపూ నేను గదిలో ఆ పసుపుపచ్చ తీగకి కాపలా కాశాను.

మొన్న కాలేజీకి కొత్త ర్యాక్ వచ్చింది. బిగించడానికి వచ్చిన ఇంజనీరు పాత ర్యాక్ పై అరలో స్విచ్ చూసి "సార్, ఇది డెడ్ కదా, తీసేయమంటారా?" అన్నాడు. దాని మీద ఏళ్ళ తరబడి కుంకుమ, నూనె పేరుకుని అసలు రంగు తెలియడం లేదు. మాస్టారు రిటైరై చాలాకాలమైంది, దసరాకి ఫోన్ చేసి దానికి బొట్టు పెట్టావా అని మాత్రం అడుగుతారు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, బస్సెక్కలేదు, చిన్న సీసాలో నూనె నా చేతికిచ్చి పంపుతుంది. "అదొక్కటి ఉండనియ్ బాబూ, పైన పెట్టు" అన్నాను. ఎందుకని అతను అడగలేదు, అడిగితే ఏం చెప్పేవాణ్ణో నాకూ తెలియదు. దేవుడి సంగతి, వెలుతురు సంగతి నాకు ఇప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు. పరీక్షలున్న రోజు మాత్రం పిల్లలు రాకముందే వచ్చి, ఆ పనిచేయని స్విచ్ మీద ఒకసారి చెయ్యి వేస్తాను. తర్వాత ఆ చెయ్యి దేనికీ తగలకుండా వెళ్ళి సబ్బుతో శుభ్రంగా కడుక్కుంటాను.