ఒకే చేతి రెండు సంతకాలు

ఎంత కడిగినా అప్పలకొండ చేతుల నలుపు పోయేది కాదు. బొగ్గుపొడిలో మట్టి కలిపి ఉండలు చేసి, ఎండబెట్టి, కలకత్తా వైపు ఉన్న మా రైల్వే ఊళ్ళో, ఓల్డ్ సెటిల్‌మెంట్ క్వార్టర్లలో ఇంటింటికీ పొయ్యిలోకి అమ్మేది. భర్త జగ్గారావు రైల్వే వర్క్‌షాపులో ఖలాసీ. ఇద్దరికీ ఒక్కతే కూతురు. విజయనగరం పైడితల్లికి మొక్కుకుంటే పుట్టిందని పైడి అని పిలుచుకున్నారు.

పైడి ఎడమకాలు పుట్టుకతోనే బిగుసుకుపోయి ఉంది. రెండేళ్ళప్పుడు డాక్టరు చూసి, రోజూ వ్యాయామం చేయిస్తే ఐదేళ్ళు నిండేలోగా నడవవచ్చని, ఆ వయసు దాటితే కష్టమని చెప్పాడు. పక్క పేట ఝపటాపూర్‌లో ఇలాంటి పసిపిల్లల కోసం ప్రభుత్వ సాయంతో నడిచే కేంద్రం ఒకటి ఉండేది. 1993 నుంచి అప్పలకొండ రోజూ పొద్దున్నే పిల్లని చంకనేసుకుని వెళ్ళి అక్కడ దింపేది. పన్నెండింటికి తెచ్చుకునేది.

కేంద్రం కార్యదర్శి గణపతిరావు మన తెలుగువాడే. రైల్వే ఆఫీసులో ఉద్యోగుల ఉచిత ప్రయాణ పాస్‌ల మీద సంతకం పెట్టే హెడ్ క్లర్కు. ఊరెళ్ళాలంటే పాస్ కావాలి, పాస్ కావాలంటే ఆయన కావాలి. అందుకే ఆయన ముందు ఎవరూ గొంతు పెంచేవారు కాదు. తల్లులు లోపలికొస్తే పిల్లలు ఏడుస్తారని ఆయన అంటే, తల్లులు గేటు దగ్గరే ఆగిపోయేవారు. ఏడాదికోసారి ఎవరో అధికారి తనిఖీకి వచ్చేవాడు. ముందురోజు గోడలకు సున్నం పడేది. ఆ అధికారి రిజిస్టరు తిరగేసి, సందేశ్ మిఠాయి తిని, సంతకం పెట్టి వెళ్ళిపోయేవాడు. గేటు బయటి తల్లుల్ని ఎవరూ ఏమీ అడగలేదు.

పైడికి ఐదేళ్ళు నిండాయి. నడవలేదు.

1996 డిసెంబరులో బొగ్గు ఉండలు వెయ్యడానికి అప్పలకొండ గణపతిరావు పెరట్లోకి వెళ్ళింది. పిల్లలు పట్టుకుని నడక నేర్చుకునే చెక్క కమ్మీలు అక్కడ ఉన్నాయి. కేంద్రం ప్రారంభించిన రోజు రిబ్బను కట్టి చూపించినవే. వాటి మీద చీరలు ఆరుతున్నాయి.

గంప దించకుండా అటునుంచి అటే కేంద్రం ఆయా రూతు ఇంటికి వెళ్ళింది.

"సెప్పు రూతూ. నా పిల్ల కాలు ఎవురైనా ఎప్పుడైనా పట్టుకున్నారేటి?"

"నన్నడక్కు వదినా."

"నిన్నే అడుగుతన్నాను."

రూతు తల దించుకుంది. "సాప మీద కూకోబెడతాం. తిండానికి గుప్పెడు మూరీ పెడతాం. పన్నెండైతే పంపించేస్తాం. వ్యాయామం దీదీ మొదటి నెల వచ్చినాది, మరి రాలేదు."

అప్పలకొండ అర్జీ రాసిపెట్టమని పక్కనే ఉన్న మా క్వార్టరుకి వచ్చింది. "దయచేసి విచారించ ప్రార్థన" అని రాసి చదివి వినిపించాను.

"దయెందుకమ్మా మనకి? కొట్టెయ్."

కొట్టేశాను.

ఫిబ్రవరిలో ఆ అర్జీ మీద కలకత్తా నుంచి ఒక అధికారిణి వచ్చింది. సందేశ్ పళ్ళెం పక్కకు నెట్టి, తల్లుల్ని లోపలికి పిలిపించింది. రిజిస్టరులో ఒక్కొక్కరి పేరూ హిందీలో పైకి చదివింది. పైడి, అక్టోబరులో ఇరవై ఆరు రోజులు హాజరు, రోజూ వ్యాయామం.

అప్పలకొండ లేచి నిలబడింది. "అక్టోబరా దీదీ?"

"ఏటే, కూకో. రాతకోతలు నీకేటి తెలుస్తాయి?" అన్నాడు గణపతిరావు.

"తెల్దు బావూ. నువ్వే సెప్పు. ఆ సంతకం నీదేనా?"

"నాదే. రోజూ నా కళ్ళతో సూసి పెడతాను."

"ఠీక్ హై" అని పిల్లని రూతుకి అప్పగించి బయటికి నడిచింది. ఏడ్చుకుంటూ పోయిందనుకున్నారు. గంటలో రిక్షాలో తిరిగొచ్చింది. చేతిలో మడతపెట్టిన రైల్వే పాస్ ఉంది.

ఆ అక్టోబరులో పైడితల్లి సిరిమాను పండగకి ముగ్గురూ విజయనగరం వెళ్ళి మూడు వారాలు ఉన్నారు. తిరిగొచ్చాక పాస్‌ని ఆఫీసులో అప్పగించాలి. జగ్గారావు మరిచిపోయాడు. అది ట్రంకుపెట్టెలోనే ఉండిపోయింది. దానిమీద జగ్గారావు, భార్య, కూతురు పైడి అని రాసి ఉంది. వెళ్ళిన రోజూ వచ్చిన రోజూ టిక్కెట్ కలెక్టర్లు వేసిన తేదీలున్నాయి. అడుగున గణపతిరావు సంతకం ఉంది.

పాస్‌ని రిజిస్టరు పక్కన పరిచి, ఆ సంతకం నుంచి ఈ సంతకం దాకా నల్లటి వేలు జరిపింది.

"రైలెక్కించింది నువ్వే, అవే రోజుల్లో ఇక్కడ నడిపించిందీ నువ్వే. దేవుడివేటి బావూ?"

తల్లుల్లో ఎవరో కిసుక్కుమన్నారు. అధికారిణి రెండు సంతకాలూ దగ్గర పెట్టుకుని చూసింది. పాప మెడ దాకా దుప్పటి కప్పుకుని రూతు ఒళ్ళో ఉంది. "ఏ కాలికి వ్యాయామం చేయిస్తున్నారు?" అని అధికారిణి గణపతిరావుని అడిగింది.

గణపతిరావు దుప్పటి వైపు చూశాడు. "కుడి" అన్నాడు.

అధికారిణి రాసుకుంది.

మూడోనాడు ఆయన అప్పలకొండ గుమ్మంలో నిలబడ్డాడు. ఆ గుమ్మంలోకి ఆయన రావడం అదే మొదలు.

"పొరపాటైపోనాది తల్లీ. రైల్వే కూడా విచారణ పెడతాదట. రెండేళ్ళలో రిటైరవుతాను. అర్జీ ఎనక్కి తీసుకో."

అప్పలకొండ బొగ్గుపొడి పిసుకుతూనే ఉంది. "తీసుకుంటాను బావూ. పైడి నడిసి మీ ఇంటికొచ్చి సెప్తాది. ఆ రోజే తీసుకుంటాను."

ఆయన గుమ్మం దిగి వెళ్ళిపోయాడు.

గణపతిరావుని తప్పించి కేంద్రానికి కొత్త కమిటీ వేశారు. పెరట్లోని కమ్మీలు తిరిగి వచ్చాయి. వాటిని పట్టుకుని ఆ ఏడాది ఇద్దరు చిన్నపిల్లలు నడిచారు. పైడి కండరాలు అప్పటికే బిగుసుకుపోయాయన్నాడు డాక్టరు. అయినా అప్పలకొండ రోజూ వెళ్ళి లోపలే కూర్చునేది. రూతు చేత రిజిస్టరు పైకి చదివించి, ఒక్కొక్క పేరుకీ ఒక్కొక్క పిల్లనీ కళ్ళారా చూసుకునేది.

1999లో గణపతిరావు రిటైరై క్వార్టరు ఖాళీ చేశాడు. లారీలో సామాను ఎక్కిస్తుంటే చుట్టుపక్కలవాళ్ళు సాగనంపడానికి వచ్చారు. అప్పలకొండా వచ్చింది. ఎనిమిదేళ్ళ పైడి చంకలో జారిపోతుంటే ఎగదోసుకుని, లారీకి ఎదురుగా నిలబడింది.

"దణ్ణం పెట్టు తల్లీ" అంది అందరికీ వినబడేలా. "నిన్ను రోజూ నడిపించిన బావు ఎల్లిపోతన్నాడు."

పైడి రెండు చేతులూ జోడించింది.