ఖాళీ అని రాసిన బురదనేల

మా లోలా చోరింగ్ ఏం పని చేస్తుందని ఎవరైనా అడిగితే, పెళ్లి సంబంధాలు చూస్తుందని చెప్పేదాన్ని. లోలా అంటే మా పనాయ్ దీవిలో అమ్మమ్మ. నేను చెప్పేది మరీ అబద్ధమేమీ కాదు. ఒకవైపు ఎక్కడో చల్లని దేశాల్లో డబ్బు పెట్టుకుని కూర్చున్న సంస్థలు, ఇంకోవైపు ఆ డబ్బు కావలసిన మా జనం. ఇద్దరికీ ముడి వేయడం ఆమె పని. పైగా ఆ సంస్థల కోరికలు ఏ పెళ్లికొడుకుకీ ఉండవు. ఒకరికి మూడేళ్ల కిందటే రిజిస్టరైన సంఘం కావాలి. ఒకరికి పాతికేళ్లు దాటని విద్యార్థి కావాలి. మరొకరు గబ్బిలాల మీద పరిశోధన చేసే మాస్టారికి కెమెరా కొనిస్తారట, ఆయన దీవి దాటడానికి పడవలో పోసే డీజిలుకు మాత్రం ఇవ్వరట.

ఆమె చదువుకున్నది ఆరో తరగతి. టౌనులో కాలేజీ క్యాంటీనులో వంట చేసేది. ఆ క్యాంటీను ఎదురుగా నోటీసు బోర్డు ఉండేది. స్కాలర్‌షిప్పుల కాగితాలు అక్కడే ఎండకు పసుపెక్కి, ఎవరూ చూడకుండానే గడువు దాటిపోయేవి. అన్నం పారేస్తే ఎలా ఊరుకోదో, అది చూసీ అలాగే ఊరుకోలేకపోయింది. గంజి తాగడానికి వచ్చిన పిల్లల్ని పట్టుకుని, "తిన్నది చాలు, అటు పోయి అదేంటో చదివి రా" అని తరిమేది. పని మానేశాక ఆ బోర్డు టాబ్లెట్‌లోకి మారింది. మా వీధి కొట్టు ముందు నాణెం వేస్తే ఇంటర్నెట్ ఇచ్చే పెట్టె ఉంటుంది. దాని పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, ఒక కళ్లజోడు మీద ఇంకో కళ్లజోడు పెట్టుకుని చదివేది. ఎవరికి ఇస్తారన్నది కాదు, ఎవరికి ఇవ్వరన్నది ముందు చదివేది. కాదనేవాళ్లను తీసేస్తే మిగిలినవాళ్లతో మాట్లాడడం సులువంటుంది.

జీపు నడిపే తోంగ్ కొడుకు చేపల చదువుకు వెళ్లాడంటే ఆమె పుణ్యమే. ఎదురింటి నాంగ్ సిద్రింగ్ (నాంగ్ అంటే అక్క) కూతురు నర్సయిందన్నా ఆమె పుణ్యమే. నేను మాత్రం రెండో ఏడే కాలేజీ మానేసి మోటారు సైకిలు మీద సరుకులు చేరవేస్తున్నాను.

"ఊరందరికీ వెతికి పెట్టావు, నాకేదీ లోలా?" అని అడిగాను ఒకసారి.

"బద్ధకానికి నిధులిచ్చేవాళ్లు ఇంకా పుట్టలేదే ఇండాయ్," అంది. మావైపు ఆడపిల్లలను ముద్దుగా అలా పిలుస్తారు.

"పుట్టాక చెప్పు, దరఖాస్తు పెడతా."

"పెట్టడానిక్కూడా బద్ధకిస్తావు నువ్వు," అని నవ్వింది.

ఆమె ముఖంలోంచి ఆ నవ్వు పోయింది నాంగ్ సిద్రింగ్ వల్లే. అలాగని తప్పు సిద్రింగ్‌ది కాదు.

సిద్రింగ్ మా లోలాకు చిన్ననాటి స్నేహితురాలు, మా ఊరి ఆడవాళ్ల సంఘానికి పెద్ద. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు ఆ సంఘం ఆడవాళ్లు బురదలోకి దిగి గుల్లలు ఏరతారు. ఇంట్లోకి కొన్ని, మిగిలినవి అమ్మకానికి. వాళ్లు కోరింది ఒకటే. గుల్లలు కడిగి ఉడకబెట్టుకోవడానికి కప్పుతో, కుళాయితో ఒక షెడ్డు. లోలా రెండేళ్లు వెతికింది. ఎవరికీ షెడ్డు అక్కర్లేదు. ఆ ఏడు ప్రపంచమంతా మడచెట్లు నాటాలన్న పట్టుదలతో ఉంది. చివరికి ఒక సంస్థ దొరికింది. మూడేళ్లు మొక్కలు నాటితే నాటినవాళ్లకు కూలి, రెండో ఏడు సంఘానికి ఒక కట్టడం. లోలా కళ్లు ఆ కట్టడం దగ్గరే ఆగిపోయాయి.

ఇంతకు ముందు ఏమీ లేని ఖాళీ చోటులోనే నాటాలని వాళ్ల షరతు. గట్టున ఖాళీ ఎక్కడుంది? ఒకప్పుడు మడచెట్లున్న నేలంతా ఇప్పుడు ఎవరెవరివో చేపల చెరువులు.

"ముందున్న బురద ఉందిగా సిద్రింగ్," అంది లోలా.

"అక్కడ మనం ఏరుకుంటాం కదే."

"చెట్లొస్తే గుల్లలింకా పెరుగుతాయంట. వాళ్లే రాశారు. నీకు షెడ్డు కావాలా వద్దా?"

సిద్రింగ్ ఇంకేమీ అనలేదు. ఆమె ముఖం చిన్నబోవడం నేనూ చూశాను, లోలా కూడా చూసింది. ఆ మౌనాన్ని సరే అన్నట్టు జమకట్టి, ఆ బురదనేల ఖాళీ అని రాసి పంపించింది. తన నలుగురు పిల్లల్నీ ఆ బురదలో దొరికినవి పెట్టే పెంచానని లోలాయే నాకు తర్వాత చెప్పింది.

డబ్బు వచ్చింది. మా ఊరి లెక్క ప్రకారం అంతకంటే పెద్ద బ్యానరు వచ్చింది. దాని మీద సంస్థ గుర్తు, మేయరు ముఖం, మేయరు భార్య ముఖం, ఓ మూల బఠాణీ గింజంత లోలా ముఖం. తెల్ల చొక్కాలవాళ్లు మోకాలి లోతు బురదలో నిలబడి ఫొటోలు దిగారు. మొదటి ఏడు సగం నేల నాటారు. మేకలూ పడవలూ రాకుండా చుట్టూ వెదురు కంచె కట్టారు. మేకలు సరే, దాంతో ఆడవాళ్లు కూడా ఆగిపోయారు.

నీరు తగ్గినప్పుడల్లా సిద్రింగ్ మా ఇంటికి ఒక గిన్నెడు గుల్లల పులుసు పంపడం ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. నాట్లయ్యాక కూడా గిన్నె మానలేదు. ఒక రోజు లోలా ఒక గుల్ల నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. గిన్నె పట్టుకుని నేరుగా ఎదురింటికి వెళ్లింది. తగువు చూద్దామని నేనూ వెనకే వెళ్లాను.

"ఇవి మన బురదవి కావు."

"తిను. ఏ బురదవైతే ఏంటి."

"టౌను బజారులో కొన్నావా?"

సిద్రింగ్ బట్టలు మడతపెడుతూనే ఉంది. "మనవైపు చాలడం లేదు చోరింగ్. కంచె లోపల మెత్తటి అడుసు పేరుకుపోయింది. గుల్ల ఊపిరాడక చస్తోంది. మొక్కలకు నత్తలు పట్టి అవీ చస్తున్నాయి. మా అమ్మ కాలంలో కూడా అక్కడ చెట్టు నిలబడలేదు. చెట్లు చెరువుల దగ్గరుండేవి."

"తెలిసి కూడా ఎందుకు చెప్పలేదే?"

"నీకెట్లా చెప్పేది? నా కూతురు నర్సయింది నీ వల్ల. నువ్వు అడిగితే కాదంటానా?"

నేను చూడాలనుకున్న తగువు జరగలేదు. లోలా గిన్నె అక్కడే పెట్టి ఇంటికొచ్చి కూర్చుంది. తిట్టినా బాగుండేదంది. ఊరివాళ్లు తన మాట కాదనలేనంతగా వాళ్లకు సాయం చేసి, ఆ సాయంతోనే వాళ్ల నోరు కట్టేశానంది. అంత మాట నాకు పూర్తిగా అర్థం కాలేదు. "పోనీ, ఆ మొక్కలు పీకేద్దాం" అన్నాను. మడచెట్టు పీకితే పోలీసు కేసని గుర్తు చేసింది. చచ్చేవి చస్తాయి, బతికినవాటిని ఇక ఎవరూ ముట్టుకోవడానికి లేదు. మిగిలింది రెండో సగం. అదీ నాటేస్తే ఏరుకోవడానికి ఊరికి ఇక నేలే ఉండదు.

రెండో ఏటి నాట్లకు చోటు చూడడానికి సంస్థ తరఫున మనీలా నుంచి మిస్ అరియోలా వచ్చింది. సంఘం వాళ్లు ఆకుల్లో చుట్టిన తీపి అన్నం, కొబ్బరి బొండాలు పెట్టారు. కొత్త బ్యానరు కట్టారు. మా ఊళ్లో అతిథి తింటుండగా చేదు మాట ఎవరూ ఎత్తరు. లోలా ఎత్తింది.

"మేడమ్, ఆ నేల ఖాళీ కాదు. ఖాళీ అని రాసింది నేనే. అబద్ధం రాశాను."

అందరూ నమలడం ఆపేశారు. అరియోలా మెల్లగా అడిగింది: "మరి ఇంకో చోటుందా, అమ్మా?"

"చెరువులవాళ్లు ఇస్తే ఉంది. వాళ్లివ్వరు."

"నాటకపోతే ప్రాజెక్టు మూసేస్తారు. కూలి ఆగిపోతుంది. షెడ్డు కూడా రాదు. మీకు తెలుసు కదా?"

"నాటితే వీళ్లు ఆ షెడ్డులో ఏం కడుగుతారు మేడమ్?"

అరియోలా తన పుస్తకంలో ఆ మాట రాసుకుంది. మంచి మనిషి, తన పై వాళ్లకు ఉన్నదున్నట్టు రాసింది. పై వాళ్లు ఆమె చెప్పినట్టే ప్రాజెక్టు మూసేశారు.

ఆ సంగతి లోలాయే సంఘం మీటింగులో నిలబడి చెప్పింది. చంకలో పిల్లాడితో వచ్చిన నోరా ఊరుకోలేదు.

"కూలి మీద ఆశ పెట్టుకుని పిల్లాడికి పాలడబ్బా అరువు తెచ్చాను లోలా. తెచ్చింది నువ్వే, పోగొట్టింది నువ్వే."

"అవునమ్మా."

"అవునంటే సరిపోయిందా?"

"లేదు."

లోలా తరఫున ఏదైనా అందామని నేను నోరు తెరిచాను. లోలా నా మోచేయి గిల్లింది. ఎవరూ ఎవరినీ సమర్థించలేదు.

తర్వాతి ఆటుకు నీరు తగ్గగానే లోలా నన్ను లేపి, మోటారు సైకిలు మీద గట్టుకు తీసుకెళ్లమంది. ఒక పక్క కంచె, అందులో పుల్లల్లా నిలబడిన మొక్కలు. రెండో పక్క, ఊరంతా ఏరుకునే నేలలో మిగిలిన సగంలో, ఆడవాళ్లంతా మోచేతులు తగులుకుంటూ ఏరుతున్నారు. ఇదివరకు బుట్ట నిండాక పైకి వచ్చేవాళ్లు. ఇప్పుడు నీరు తిరిగి వస్తున్నా ఇంకా వంగే ఉన్నారు.

"సగం మిగిల్చావు కదా లోలా," అన్నాను. ఆమెను ఓదార్చడం నాకు చేతకాదు, అయినా ప్రయత్నించాను.

"మిగిల్చింది నేను కాదే. పోగొట్టింది నేను. పోయాక మాట్లాడాను."

బండి స్టార్ట్ చేశాను. లోలా ఎక్కలేదు.

"ఆపు. వాళ్లు పైకి రానీ."

"వస్తే? నోరా మళ్లీ నాలుగు అంటుంది."

"అననీ," అని గట్టు మీద, వాళ్లు ఎక్కివచ్చే దారికి ఎదురుగా, చెప్పులు విడిచి నిలబడింది.