బాత్‌టబ్‌లో నిమజ్జనం

1983 సెప్టెంబరు. జెర్సీ సిటీలో ఆరంతస్తుల పాత అపార్ట్‌మెంట్ బిల్డింగ్. పగలు అక్కడ నాకు మెయింటెనెన్స్ పని, సాయంత్రం కాలేజీ. ఇంటికి మాత్రం "బిల్డింగ్ సిస్టమ్స్ చూస్తున్నాను" అని ఉత్తరం రాసేవాణ్ణి. అబద్ధమేమీ కాదు. ఆ సిస్టమ్స్‌లోంచి ఎక్కువగా జుట్టు వచ్చేది, అంతే.

మా పనిలో రోజుకు పదిసార్లు వినబడే మాట 'అన్‌క్లాగ్'. క్లాగ్ అంటే అడ్డం. దాన్ని తీసి నీళ్ళు పోయేలా చేస్తే అన్‌క్లాగ్. సింక్‌కి వాడతారు, టబ్‌కి వాడతారు. జలుబు చేసిన ముక్కుకీ వాడతారు గానీ దానికి నన్ను పిలవరు.

వినాయక చవితి మర్నాడు మధ్యాహ్నం రెండింటికి నాలుగో అంతస్తు నుంచి శారద ఆంటీ ఫోన్ చేసింది. వెళ్ళి చూస్తే టబ్ నిండా బురద, పత్రి, బంతిపూలు. పిల్లలు చేసిన మట్టి వినాయకుణ్ణి పొద్దున్నే అందులో నిమజ్జనం చేసి, కరిగాక ప్లగ్ లాగేశారట. మట్టంతా పోయి కింది అంతస్తు పైపు కలిసేచోట బిగుసుకుంది. విఘ్నాలు తొలగించే దేవుడు మా పైపుకే విఘ్నమై కూర్చున్నాడు.

కింద డోరతీ అనే పెద్దావిడ టబ్‌లోకి పసుపునీళ్ళు తన్నుకొస్తున్నాయి. ఆవిడ పైకొచ్చి, నాలుగింటికి మేనేజర్ వస్తాడనీ, ఈలోగా నీళ్ళు పోకపోతే కంప్లైంట్ ఇస్తాననీ చెప్పి వెళ్ళింది. పోపు పొగకి ఫైర్ అలారం మోగి అప్పటికే ఆంటీ మీద రెండు కంప్లైంట్లు. మూడోది వస్తే లీజ్ రెన్యూ చెయ్యనని మేనేజర్ కాగితం ఇచ్చేశాడు.

నేను స్నేక్ తీశాను. చుట్టచుట్టిన స్టీల్ తీగ అది. తిప్పుతూ తోస్తే అడ్డాన్ని తవ్వేస్తుంది. ఆంటీ బాత్‌రూమ్ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"దాంతో స్వామి పొట్టలో పొడుస్తావా?"

"పొడవకపోతే మేనేజర్ మిమ్మల్ని నిమజ్జనం చేస్తాడు ఆంటీ."

"వేళాకోళాలా! ఇంకేదైనా చూడు."

కర్రకి రబ్బరు గిన్నె బిగించిన ప్లంజర్ చూపించాను. అది ఏయే బాత్‌రూములు తిరిగొచ్చిందో ఆవిడకి చెప్పక్కర్లేదు. ఆవిడ చూసిన చూపుకి దాన్ని మళ్ళీ సంచీలో పెట్టేశాను.

టైమ్ మూడవుతోంది. అప్పుడు తట్టింది.

"పొద్దున ఉద్వాసన చెప్పారా?"

"చెప్పకుండా ఎలా కదుపుతాం? మీ అంకుల్ ఆఫీస్‌కి వెళ్ళేముందే మంత్రం చదివి విగ్రహాన్ని జరిపారు."

"అంటే స్వామిని సాగనంపేశారు కదా. ఈపాటికి కైలాసం చేరి భోంచేసి పడుకునుంటారు. పైపులో ఉన్నది ఉత్త మట్టి."

ఆంటీ గుమ్మంలోంచి పక్కకి జరిగింది. "నిజమేరోయ్," అంది. లోపలికెళ్ళి కుంకుమ భరిణె తెచ్చి స్నేక్‌కి బొట్టు పెట్టింది. "ఇప్పుడు కానీ."

మొదట మారేడాకులు వచ్చాయి. తర్వాత గరిక, తర్వాత మట్టి, మళ్ళీ మట్టి. నాలుగింటికి పది నిమిషాలుందనగా టబ్ గుడగుడమంది. "ఇట్స్ గోయింగ్ డౌన్!" అని కిందనుంచి డోరతీ కేక. ఆంటీ టబ్‌కి దణ్ణం పెట్టి, కుడుముల గిన్నె పట్టుకుని కిందికి పరిగెత్తింది.

మేనేజర్ వచ్చి, "ఎనీ ప్రాబ్లమ్?" అన్నాడు. డోరతీ నోట్లో కుడుము ఉంది. తల అడ్డంగా ఊపింది.

పైపులో అడ్డం తీసేముందు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డ మనిషిని ఒప్పించాలని ఆరోజు నేర్చుకున్నాను. మొదటిదానికి స్నేక్ ఉంది. రెండోదానికి ఆవిడ నమ్మేది కాస్త తెలిసుండాలి.

మరుసటేడు నిమజ్జనం బకెట్‌లో జరిగింది. బకెట్ డోరతీది.