పాజిటివ్ వచ్చిన పన్నీర్ తీగ

ఆ రోజుల్లో వైరస్ అన్న మాట వింటే చాలు, ఎదుటి మనిషి వెనక్కి జరిగేవాడు. కరోనా తగ్గిపోయిందని అందరూ అంటున్నారు గాని, ఎవరికీ నమ్మకం కుదరడం లేదు. సరిగ్గా అప్పుడే నాకు తమిళనాడులో, మా కోవిల్‌పట్టిలో ఒక ద్రాక్ష నర్సరీలో మొదటి ఉద్యోగం దొరికింది. తల్లిమొక్కలను ల్యాబులో పరీక్ష చేయించి, వైరస్ లేదని తేలినవాటి కొమ్మలతోనే మొక్కలు పెంచి, ఒక్కోదానికి సర్టిఫికెట్ చీటీ కట్టి రైతులకు ఇవ్వడం ఆ నర్సరీ పని. ఊరూరా తిరిగి "మా మొక్కలకు వైరస్ లేదు" అని చెప్పడం నా పని. (చెప్పిన ప్రతిచోటా "మరి నీకు?" అని అడిగేవాళ్ళు.) మా ఓనరు నన్ను తీసుకున్నది నా చదువు చూసి కాదు, మా ఇంట్లో తెలుగు మాట్లాడతామని విని. ఆ నల్లరేగడి పల్లెల్లో రైతులు చాలామంది మావాళ్ళే. గడప దాటితే తమిళం, గడప లోపల తెలుగు. (ఈ తెలుగు అక్షరాలు మాత్రం నేను ఆ తరువాత కిందామీదా పడి నేర్చుకున్నవి. తప్పులుంటే మన్నించాలి.)

పుదూరు దగ్గరి పల్లెలో నాకు వరసకు మామ అయ్యే రైతు ఒకాయన ద్రాక్ష పెడతానని కబురు చేశాడు. అంతవరకూ వానను నమ్ముకుని పత్తి, మినుము వేసినవాడు. అత్తది వత్రాప్ వైపు, కొండ కింద తోటల ఊరు. పెళ్ళయి వచ్చిన నాటినుంచి "మనమూ ఒక ద్రాక్షతోట పెడదాము" అని పోరేదట. ఈయన "సూస్తాము, సూస్తాము" అంటూ గడిపాడు. బోరులో నీళ్ళు పడేసరికి అత్త లేదు. కరోనా వచ్చి విరుదునగరం ఆసుపత్రిలో పోయింది. ఆమె ఉన్నప్పుడు వినని మాటను ఇప్పుడు వినాలని ఆయన పట్టుదల.

నేను వెళ్ళేసరికి మామ వాళ్ళమ్మ, అంటే అవ్వ, మాస్కు తలకిందులుగా కట్టుకుని వాకిట్లో కూర్చుని ఉంది. నేను వైరస్ పరీక్ష గురించి చెబుతుంటే శ్రద్ధగా విని, "అప్పుడు సెడికీ కరోనానా?" అంది. (సెడి అంటే మొక్క. మా ఇళ్ళలో అట్లాగే అంటాం.)

"అది వేరే వైరస్ అవ్వా."

"ఏదైతే ఏమిరా. సెడికి ముక్కు యాడుండాది? పుల్ల యాడ పెట్టి సూస్తారు?"

నేను నవ్వాను. మామ నవ్వలేదు. అప్పుడే నా చూపు వాకిలి పక్కన పందిరి మీద పడింది. పాత పన్నీర్ ద్రాక్ష తీగ, మా వైపు నల్లద్రాక్ష రకం. ఆకులు ఎర్రబడి, ఈనెలు మాత్రం పచ్చగా, అంచులు కిందికి చుట్టుకుని ఉన్నాయి. శిక్షణలో చూపించిన ఫోటో ప్రాణం పోసుకుని ఎదురుగా నిలబడినట్టయింది. అప్పటి నా తెలివి ఎంతటిదంటే, సంతోషం పట్టలేక కేక పెట్టాను. "మామా, దీనికి వైరస్ ఉన్నట్టుంది! పిండినల్లి పురుగు దీన్ని కొత్త మొక్కలకు అంటిస్తుంది. టెస్టు చేయాల."

"అది మీ అత్త పెట్టిందిరా," అన్నాడు మామ. "వాళ్ళ ఊరినించి ఒక కొమ్మ తెచ్చి పెట్టింది." కాసేపు ఆ తీగనే చూసి, "సరి, తియ్యి," అన్నాడు.

ఆకులూ కాడలూ కోసి, ఐసు పెట్టెలో పెట్టుకుని కోవిల్‌పట్టి బస్సెక్కాను. ల్యాబుకు పంపేది నర్సరీ నుంచే. పక్క సీటు పెద్దాయన పెట్టెలో ఏముందని అడిగాడు. చేపలు అనో, ఐసుక్రీము అనో అనవచ్చు. నేను ఆఫీసరులాగా, "వైరస్ శాంపిల్" అని తమిళంలో స్పష్టంగా చెప్పాను. క్షణంలో బస్సులో వెనక సగమంతా ముందుకొచ్చి పడింది. ఒకావిడ పిల్లను చంకనేసుకుని డ్రైవరు పక్కకు పోయింది. ఇది ద్రాక్షాకు, మనుషులకు రాదు అని నేను అరుస్తూనే ఉన్నాను. "తంబీ, ఇరంగప్పా," దిగు నాయనా అని కండక్టరు నన్ను నడిదారిలో దింపేశాడు. ఎండలో పెట్టె నెత్తిన పెట్టుకుని నడుస్తూ, మనిషిని బండిలోంచి దింపినంత తేలికగా ఆసుపత్రి బండిలోకి ఎక్కించే రోజులు ఇంకా పోలేదు కదా అనుకున్నాను. అనుకుని ఊరుకున్నాను. అత్త కోసం ఆ బండి మామ వాకిట కూడా ఆగిన సంగతి మాత్రం నాకు తట్టలేదు.

ఫలితం వచ్చింది. మామకు మెల్లగా ఎట్లా చెప్పాలో దారి పొడుగునా తయారు చేసుకున్నాను. వాకిట్లో ఆయన మొహం చూడగానే తయారు చేసుకున్నదంతా పోయి ఒక్క మాటే బయటికొచ్చింది. "పాజిటివ్ మామా."

అవ్వ గోడ పట్టుకుని కిందికి జారి కూర్చుంది. మామ, "ఆ పొద్దు గూడా ఫోనులో ఇట్లనే ఒక్క మాట చెప్పినారు," అన్నాడు.

"దీనికి మందు లేదు మామా. తవ్వి కాల్చాల్సిందే. ఇది ఉండగా మేం మొక్కలు ఇవ్వకూడదు."

"ఆమెకూ మందు లేదనే చెప్పినారు." లేచి లోపలికి పోయాడు. ఆర్డరు పోయిందనుకున్నాను. మా ఓనరు కూడా అదే అన్నాడు.

కొన్నాళ్ళకు ఫోను వచ్చింది. "తవ్వుతుండా. రా." నేను చేరేసరికి మామ నడుములోతు గోతిలో ఉన్నాడు. కూలీలను దగ్గరికి రానివ్వడం లేదు. వేరు ముక్క కూడా మిగలకూడదని నేను చెప్పానని, పిల్లవేర్లను సైతం చేతివేళ్ళతో గిల్లి తీస్తున్నాడు. అవ్వ పసుపూ కుంకుమా తెచ్చి మొదలుకు పెట్టింది. మామ తీగను చుట్ట చుట్టాడు. నేనొక చేయి వేయబోతే, "వద్దురా," అన్నాడు. "ఆమెను ప్లాస్టిక్కులో చుట్టినారు. మొగం సూడనీలేదు, మొయ్యనీలేదు. దీన్ని నేనే మోస్తా."

భుజాన వేసుకుని చేను అంచుకు నడిచాడు. అవ్వ వెనక, అవ్వ వెనక నేను. మంట పెట్టాడు. పొగకు నా కళ్ళ నీళ్ళు కారుతున్నాయి. ఎవరో ఒకరు ఏదో ఒకటి అనాలి కదా అనిపించి, పరామర్శించే గొంతుతో, "ఇంక పిండినల్లి భయం లేదు మామా," అన్నాను.

మామ నా వైపు తిరిగి చూశాడు. పెద్దగా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ కూలబడి, గొంతు పగిలేట్టు ఏడ్చాడు. అత్త పోయినాక ఆయన ఏడవలేదని, అదే తన భయమని అవ్వ తరువాత నాతో చెప్పింది.

మంట చల్లారాక అవ్వ అందరినీ తలకు పోసుకోమంది. "నేను నర్సరీ మనిషిని అవ్వా," అన్నాను.

"ఏం, నర్సరీ మనిషికి తల లేదా?"

బోరు తొట్టి దగ్గర ఆఫీసు చొక్కాతోనే మునిగాను. జేబులో పెన్ను కక్కిన సిరాతో గుండె మీద నీలిమచ్చ. తడిబట్టలతో నర్సరీకి వెళితే ఓనరు మొహం వెలిగిపోయింది. "పుదూరులో వానా?" జరిగింది ఎట్లా చెప్పాలో తెలియక అవునన్నాను. వాన పడింది, మొక్కలు కావాలంటే చెప్పండి అని ఆయన నిమిషంలో నాలుగు ఊళ్ళకు ఫోన్లు చేసేశాడు.

సర్టిఫికెట్ మొక్కలు నాటాం. అవి పందిరెక్కి తొలి కాపు వచ్చినప్పుడు, తీపి కొలిచే గొట్టం పట్టుకుని వెళ్ళాను. ఒక పండు రసం పిండి, కన్ను ఆనించి చూసి, "మామా, బ్రహ్మాండమైన తీపి!" అని ప్రకటించాను.

మామ ఒక పండు నోట్లో వేసుకున్నాడు. ఇంకొకటి వేసుకున్నాడు. "నిజమేరా, బాగ తియ్యగా ఉండాది," అని తోట వైపు చూస్తూ, "మీ అత్తకు నచ్చుండదు. ఆమె సెడి కాయ ఎన్నాళ్ళున్నా పులుపే. ఉప్పుకారం అద్దుకోని దాన్నే తినేది. మాకు పెట్టేదే లేదు," అన్నాడు.

ఆ కాయకు ఎందుకు తీపి పట్టలేదో నాకు తెలుసు. ఆ వైరస్ చేసే పనే అది. చెప్పడానికి నోరు తెరిచాను కూడా. మామ మొహం చూసి, తెరిచిన నోట్లో ఒక ద్రాక్షపండు వేసుకుని నమలసాగాను. ఇన్నేళ్ళ తరువాత అప్పటి నాలోని ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. అన్ని తెలివితక్కువ మాటలు ఆడినవాడు, ఆ ఒక్క మాట మింగినందుకు వాడి భుజం తట్టి రావాలనిపిస్తుంది.