చిన్న నానమ్మకు నేను చూపించిన సముద్రం

మా చిన్నప్పుడు... విశాఖపట్నంల చిన్న నానమ్మ ఇంటి గడప దాటంగనే, చెప్పులు సుత ఇడవకుండ మా డాడీ అడిగిండు. "పిన్నీ, బట్టలు సర్దుకున్నావా?"

చిన్న నానమ్మ పడక కుర్చీల నుంచి లేవనే లేదు. "ముందు కాఫీ తాగు. నేనెక్కడికీ రాను" అన్నది.

చిన్న నానమ్మ అంటే డాడీ వాళ్ళ అమ్మకు సొంత చెల్లె. తల్లి చిన్నప్పుడే పోతే డాడీని సాకింది ఈమెనే. పెళ్ళి చేసుకోలె. బడిల తెలుగు టీచరు... రిటైరయ్యి అప్పటికే చానా ఏండ్లయింది. ఆ యేడు బాత్రూంల జారి పడ్డది. పక్కింటోళ్ళు చూసేదాక అట్లనే పడి ఉన్నదట. అందుకే ఆమెను సికింద్రాబాద్ తీస్కపోదామని డాడీ నన్ను ఎంటబెట్టుకొని పోయిండు. నాకప్పుడు ఎనిమిదేండ్లు.

డాడీ బతిమిలాడిండు... కోప్పడ్డడు... ఆఖరికి కండ్లల్ల నీళ్ళు పెట్టుకున్నడు. "మళ్ళీ పడితే ఎవరు చూస్తారు పిన్నీ?"

ఆమెది ఒక్కటే మాట. "సముద్రం లేని ఊళ్ళో నేనుండలేనురా. నన్నొదిలెయ్."

మా డాడీ ఏడ్వంగ నేను ఎన్నడూ చూడలె. మస్తు భయమైంది నాకు.

నాలుగు గొట్టంగ డాడీ అలిగి గోడ దిక్కు తిరిగి పండుకుంటే, ఆమె నన్ను సముద్రం పక్కన పార్కుకు తీస్కపోయింది. రోడ్డు దాటితే పార్కే. ఆమె ఒక చేతిల కర్ర... ఇంకో చేతిల మంచినీళ్ళ మరచెంబు. మూత మర తిప్పి తాగితెనే దాహం తీరుతదట, ప్లాస్టిక్ సీసాలంటే మండిపడేది.

అబ్బో, ఏం పార్కది! సరుగుడు చెట్లు, వాటి సందుల నుంచి కిందికి దిగే మెట్లు, రంగు పోయిన సిమెంటు తాబేలు... నేను తాబేలు ఎక్కిన, దుంకిన, రాళ్ళ దాక ఉరికిన. రాళ్ళ నడుమ గుంటల చూసి "ఎండ్రకాయ! ఎండ్రకాయ!" అని మొత్తుకున్న.

"ఎండ్రకాయేటే... పీత అను!" పైన బెంచీ మీదికెళ్ళి ఆమె కేక.

"మాకాడ ఎండ్రకాయనే అంటరు!" నేనేమన్న తక్కువ తిన్ననా?

టీచరు గదా... ఊకుంటదా! నేను పైకి రాంగనే నా చేతిల మరమరాల ముంత మసాలా పొట్లం పెట్టి పాఠం షురూ చేసింది. "సముద్రానికి పర్యాయపదాలు చెప్పు చూద్దాం."

నాకొచ్చు! వారం కిందనే బడిల అప్పజెప్పిన. "కడలి, జలధి, సాగరం..." అని ఆగిన. సాగరం అనంగనే ఒకటి తట్టింది.

"నానమ్మా! మాకాడ సుత సముద్రమున్నది! హుస్సేన్ సాగర్! మా రాంగోపాల్‌పేట్ నుంచి నడిచి పోవచ్చు!"

ఒట్టు... అప్పటిదాక నేను అబద్ధమాడలె. సాగర్ అంటే సాగరం. సాగరమంటే సముద్రం. బుక్కుల రాసి ఉన్నది మరి!

ఆమె నా దిక్కు చూసింది. "అలలుంటాయా?"

ముందట అలలు ధన్ ధన్ మని రాళ్ళకు కొడుతున్నయ్. మా సాగర్‌ల అసొంటియి లేవని నాకు తెలుసు. ఇంట్ల ఏడ్చిన డాడీ మొఖం యాదికొచ్చింది. "ఉంటయ్. గీటికన్న పెద్దగుంటయ్" అనేసిన.

ఆమె చానాసేపు సముద్రాన్ని చూసింది. కొంగుతోని నా మూతి తుడిచింది. "అయితే పద... సామాను సర్దుకుందాం" అన్నది.

డాడీ నమ్మలేకపోయిండు. "ఏం చెప్పినవే?" అని ఒకటే అడుగుడు. నేను నోరిప్పితే ఒట్టు!

సికింద్రాబాద్ వచ్చినంక ఫస్టు ఆదివారం, చర్చి నుంచి రాంగనే "ఏదే నీ సముద్రం?" అన్నది. దారి పొడుగునా నేను ఆమె ఎనకెనకనే నడిచిన. తీరా పోతే... ఆకుపచ్చ నీళ్ళు, జెర వాసన, ఒక్క అల లేదు. ఆమె బెంచీ మీద కూసొని, మరచెంబు మూత తీసి నిమ్మలంగ నీళ్ళు తాగింది. నాకు ఏడుపు ఆగలె.

"అబద్ధం చెప్పిన నానమ్మా... అలలు లేవు."

ఆమె పకపక నవ్వింది. "పిచ్చిమొద్దూ! ముప్పై ఏళ్ళు పిల్లలకి పాఠం చెప్పినదాన్ని. హుస్సేన్ సాగర్ చెరువని నాకు తెలీదనుకున్నావా?"

"మరెందుకొచ్చినవ్?"

"మీ నాన్న నేను పడిపోతానని రమ్మన్నాడు. నువ్వు సముద్రం చూపిస్తానని రమ్మన్నావు."

కన్నుమూసేదాక ఆరేండ్లు ఉన్నది మాతోని. ప్రతి ఆదివారం సాగర్ కాడికి పోయేటోళ్ళం. ఎవరన్న ఎటు పోతున్నరని అడిగితే "మా పిల్ల సముద్రానికి" అని చెప్పేది.

మొన్న నా బిడ్డను ఆడికే తీస్కపోయిన. ఇప్పుడు గేటు, టికెట్, రంగు రంగుల లైట్లు... "ఇది సముద్రం" అన్న. ఫోనుల చూసి "మమ్మీ, ఇది లేక్" అన్నది. కరెక్టే... దాని తప్పేమీ లేదు. అయినా మనసుకు ఎట్లనో అయింది.

ఒక్కటే నన్ను ఇప్పటికీ తింటది. ఆ ఆరేండ్లల్ల చిన్న నానమ్మ అసలు సముద్రాన్ని మళ్ళ చూడలె. తీస్కపొమ్మని ఒక్కనాడు అడగలె. పోదామా అని మేం సుత అడగలె...

మీ ఇంట్ల సుత అట్లాంటోళ్ళు ఉన్నరా... తెలిసీ మీ అబద్ధాన్ని నమ్మినోళ్ళు? ఉంటే కింద రాయుండ్రి. ఇంకా బతికుంటే మాత్రం రాసుడు తర్వాత... ముందు పోయి వాళ్ళకు ఏం చూడాలని ఉన్నదో అడుగుండ్రి.