రెండు తిప్పులు

పదేళ్ల కిందట ఒక వేసవిలో ఖరగ్‌పూర్ మలంచా రోడ్డు మీది ఒక ప్రైవేటు గ్యారేజీలో ఇంజన్ సెక్షన్ హెడ్ మేస్త్రీగా ఉన్నాను. చూపు మందగించి నిరుడు పని మానేశాను. అప్పుడు జరిగిన ఒక తప్పును ఫిట్టర్ అప్పలస్వామిదని ఇప్పటికీ అంటున్నారు. ఆ తప్పు నాది.

ఒక టాక్సీ ఇంజన్ విప్పి మళ్లీ బిగిస్తున్నాం. వంకరపోయిన హెడ్‌ను, అంటే ఇంజన్ పైమూతను, చదును చేయించాం. అలా అరగదీసినప్పుడు వాల్వులు పిస్టన్‌కు దగ్గరవుతాయి. ఆ సందు చూడటానికి పిస్టన్ మీద పిల్లల బొమ్మల క్లే అద్ది, హెడ్ బిగించి, పిస్టన్లను ఆడించే క్రాంక్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పుతాం. తర్వాత హెడ్ విప్పి, వాల్వు నొక్కినచోట మిగిలిన క్లే మందం కొలుస్తాం. రెండు మిల్లీమీటర్లకు తగ్గకూడదు.

"రెండు తిప్పులు తిప్పు" అని అప్పలస్వామికి చెప్పి నేను వేరే బండి దగ్గరికి వెళ్లాను. తిరిగొచ్చి కొలిస్తే మందం సరిపోయింది. గాలి లోపలికి తీసుకునే వాల్వు గుర్తు మాత్రం లేతగా పడింది. ఎందుకని అడగలేదు. జాబ్ కార్డు మీద 'చూశాను' అని రాసి సంతకం పెట్టాను.

ఇంజన్ బిగించి స్టార్ట్ చేశాం. చేత్తో తిప్పినప్పుడు తగలని వాల్వులు ఇంజన్ వేగం అందుకోగానే తగిలాయి. సుత్తితో రేకు మీద బాదినట్టు చప్పుడు. హెడ్ విప్పితే నాలుగు పిస్టన్ల మీదా నెలవంకల్లా గాట్లు. క్రాంక్ సరిగా తిప్పలేదని యజమాని ఆ రోజే అప్పలస్వామిని పొమ్మన్నాడు. "ఆడికి ఒకటి తరవాత మూడేనర్రా!" అని తోటి ఫిట్టర్ ఎకసెక్కమాడాడు.

పనిముట్లు తీసుకోవడానికి వచ్చిన అప్పలస్వామి అందరి ముందూ క్రాంక్‌కు స్పానర్ తగిలించాడు. "సూడండి. ఇదొక తిప్పు. ఇదొక తిప్పు. మేస్త్రీగారు సెప్పినట్టే సేసినాను కదేటి?"

బానెట్ కింద ఆ ఇరుకులో స్పానర్ సగం చుట్టే తిరుగుతుంది. అతని లెక్కలో ఒక లాగుడు ఒక తిప్పు. రెండు లాగితే క్రాంక్ తిరిగింది ఒక్క చుట్టే. గాలి తీసుకునే వాల్వు పిస్టన్‌కు బాగా దగ్గరయ్యేది రెండో చుట్టు మొదట్లో; ఆ చుట్టు తిరగనే లేదు. అందరూ నావైపు చూశారు. నా సంతకం గుర్తొచ్చి తల దించుకున్నాను.

ఆ తర్వాత ఊళ్లోనే ఉన్న ఝపటాపూర్ గ్యారేజీల్లో కూడా అతనికి ఇంజన్ పని ఎవరూ ఇవ్వలేదు. ఓల్డ్ సెటిల్‌మెంట్ పేటలో సైకిళ్లు బాగుచేస్తున్నాడు. పోయిన నెల వెళ్లి అంతా ఒప్పుకున్నాను. అతను చేతిలోని ట్యూబు పక్కన పెట్టలేదు. "ఆయేల సెప్పుంటే నా పని ఉండును, మేస్త్రీగారూ" అన్నాడు.

పని పురమాయించేటప్పుడు 'ఎన్ని తిప్పులు' అని చెప్పకూడదు. క్రాంక్ కొసనున్న పుల్లీ చక్రం మీద సుద్దగీత గీసి, అది రెండుసార్లు పైకి రావాలని చెప్పాలి. సంతకం చేసేవాడు కొలత వచ్చిన తీరును దగ్గరుండి చూడాలి. ఇది నేర్చుకున్నది నేను. పని పోయింది అప్పలస్వామికి.